వెసులుబాటే నా కొంప ముంచింది

"కాలేజీకి పోవాల్సిన పని లేదు, ఉద్యోగం చేసుకుంటూనే డిగ్రీ" అని బస్టాండు గోడల మీద రాసి ఉంటుంది చూడండి, ఆ రాతను నమ్మి 2013లో నేను మొదటిసారి దూరవిద్య బీకాంలో చేరాను. అప్పుడు నాకు 24. మిర్యాలగూడలో ఒక రైసు మిల్లులో గుమాస్తాగా కుదిరి మూడేళ్లు దాటింది. ఫీజు కట్టాను, పుస్తకాలు సంచిలో వేసి ఇచ్చారు, ఇంటికి తెస్తే మా అమ్మ వాటికి పసుపు కుంకుమ పెట్టి ఫ్రిజ్ మీద పెట్టింది. ఎనిమిదేళ్లు అవి అక్కడే ఉన్నాయి. మధ్యలో ఫ్రిజ్ పాడైపోయి కొత్తది కొన్నాం. పుస్తకాలు పాతదాని మీంచి కొత్తదాని మీదికి మారాయి, అన్నేళ్లలో వాటికి దొరికిన కదలిక అంతే.

2021లో మళ్లీ చేరాను. 2024లో పూర్తయింది. మొదటిసారి ఎందుకు కాలేదు, రెండోసారి ఎట్లా అయింది అని అడిగేవాళ్లు తరచూ తగులుతుంటారు, ఎక్కువగా మిల్లుల్లో, బట్టల షాపుల్లో, పెట్రోలు బంకుల్లో పనిచేసేవాళ్లు. జవాబు కూడా వాళ్లే తెచ్చుకుంటారు: "నీకు పట్టుదల ఎక్కువన్నా." పట్టుదల 2013లోనే ఎక్కువుండేది. పెళ్లి కాలేదు, పిల్లల్లేరు, రాత్రి తొమ్మిదికి ఇంటికొచ్చి అన్నం తిన్నాక ఏం చేశావని అడిగేవాడు లేడు. అడిగేవాడు లేకపోవడం వల్లే చదువు ఆగిపోయిందని నాకు అర్థం కావడానికి ఎనిమిదేళ్లు పట్టింది.

కాబట్టి నా వాదన ఇది, ఒప్పుకోనివాళ్లు ఒప్పుకోకండి: పని చేసుకుంటూ చదివేవాడికి కావాల్సింది వెసులుబాటు కాదు, కట్టుబాటు. "మీకు వీలున్నప్పుడు చదువుకోండి" అని దూరవిద్యవాళ్లు మంచి మనసుతోనే చెప్తారు, కానీ పన్నెండు గంటలు వడ్ల దుమ్ములో కూర్చుని వచ్చిన మనిషి చెవికి అది "ఇవాళ వద్దులే" అన్నట్టే వినపడుతుంది.

చిట్టీల సంగతి చూడండి. నెలకు రెండు వేలు బ్యాంకులో దాచుకోరా బాబూ అంటే మనలో ఎవడూ దాచడు. అదే చిట్టీ వేస్తే, చేబదులు తెచ్చయినా ఐదో తారీఖుకల్లా కడతాడు. ఎందుకంటే ఇంకో పంతొమ్మిది మంది వీడి కోసం కూర్చుని ఉంటారు, పాట పాడుకున్నవాడు డబ్బు చేతికి రావాలని చూస్తుంటాడు, కట్టకపోతే రేపు వీధిలో తల ఎత్తుకోలేడు. డబ్బు విషయంలో మన గురించి మనకు ఇంత బాగా తెలిసి, చదువు దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఒక్కొక్కడూ ఒంటరిగా, ఎవరికీ జవాబు చెప్పనక్కర్లేకుండా మూడేళ్లు లాక్కొస్తాడని ఎట్లా అనుకున్నారో.

టైం లేదంటారు అందరూ. నిజమే, లేదు. గుమాస్తాని కదా, లెక్క వేసి చూశాను. ఢిల్లీ ఓపెన్ యూనివర్సిటీ ఇగ్నోలో ఒక క్రెడిట్ అంటే 30 గంటల చదువు అని లెక్క. నేను చదివేటప్పుడు వాళ్ల బీకాం జనరల్ డిగ్రీకి 132 క్రెడిట్లు, అంటే 3,960 గంటలు. మూడేళ్లకు పంచితే, దసరా లేదు సంక్రాంతి లేదు, జ్వరమొచ్చినా సరే, రోజుకు మూడున్నర గంటలకు పైనే. ఈ లెక్కన చదివిన ఉద్యోగిని నేను ఒక్కణ్ని కూడా చూడలేదు. నేను చదివింది అందులో మూడో వంతు ఉంటే గొప్ప. అయితే ఆ మూడో వంతు ఏది అన్నదే ముఖ్యం. నేను నిజంగా చదివినవన్నీ వచ్చే ఆదివారం ఎవరో ఒకరు అడుగుతారని తెలిసిన పాఠాలే. మిగతావి పరీక్ష ముందు రాత్రి తిరగేసినవి, ఇప్పుడు ఒక్క ముక్క గుర్తులేదు.

మిల్లు పని ఎట్లుంటుందో తెలియనివాళ్లకు కొంచెం చెప్పాలి. మాకు ఏడాదికి రెండు సీజన్లు. యాసంగి కోతలు ఏప్రిల్‌లో మొదలైతే మే అంతా లారీలే. వానాకాలం వడ్లు అక్టోబరు చివర నుంచి డిసెంబరు దాకా వస్తాయి. కొనుగోలు కేంద్రం నుంచి లారీ రాగానే ట్రక్‌షీట్ (లారీలో వచ్చిన సరుకు వివరాల కాగితం) చూడాలి, కాంటా పెట్టించాలి, తేమ కొలవాలి, 17 శాతం దాటితే డ్రైవరుతో, ఫోన్లో సెంటరువాళ్లతో, ఒక్కోసారి వెనకే బైకు మీద వచ్చిన రైతుతో మాటలు పడాలి, సంచులు లెక్కపెట్టించాలి, హమాలీల లెక్క రాయాలి, ఆన్‌లైన్‌లో ఎక్కించాలి, సర్వరు బిజీ అంటే రాత్రి పన్నెండుకు లేచి మళ్లీ ఎక్కించాలి. సెమిస్టరు పరీక్షలు కూడా సరిగ్గా ఈ రెండు సీజన్లలోనే. వ్యవసాయం మీద బతికే జిల్లాలో మే నెలలో, నవంబరులో పరీక్షలు పెట్టినాయనకు వడ్లు ఎప్పుడు కోస్తారో తెలియదా అని నాకు ఇప్పటికీ సందేహమే.

మొదటి సెమిస్టరు పరీక్షలప్పుడు సేటు దగ్గరికి పోయి ఐదు పూటలు సెలవు కావాలన్నాను.

"పెండ్లా?"

"పరీక్షలు సేటూ."

"ఎవలికి? మీ పోరగానికా?"

"నాకే."

కాసేపు నన్ను చూశాడు. చెడ్డవాడేం కాదు. "పెండ్లయితే ఒక్కపూట ఇస్తుంటి. గిప్పుడు సదివి ఏం జేస్తవ్ రా, బయట ఇరవై లారీలున్నయ్" అన్నాడు. చివరికి నన్ను ఆదుకున్నది మా పెద్ద గుమాస్తా. డెబ్బై ఏళ్లుంటాయి, కంప్యూటర్ ముట్టుకోడు, ఎర్ర బట్ట అట్ట వేసిన చిట్టా ఇప్పటికీ వేరుగా రాసుకుంటాడు. ఆ ఐదు పూటలు కాంటా దగ్గర తాను కూర్చుంటానన్నాడు. నా అకౌంటెన్సీ పుస్తకం (తెలుగు మీడియం) తీసుకుని పేజీలు తిప్పితే అందులో చిట్టా (జర్నల్), ఆవర్జా (లెడ్జర్), అంకణా (ట్రయల్ బ్యాలెన్స్) అని వరసగా అధ్యాయాలు. అద్దాలు సవరించుకుని "ఇది నేను నలభై ఏండ్ల సంది రాస్తున్నదే గదరా, దీనికి పరీక్షెందుకు?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. అంకణా ఎందుకు కలవాలో, కలిసినా తప్పు ఎట్లా దాక్కుంటుందో ఆయన చెప్పినంత బాగా పుస్తకంలో లేదు కూడా. ఇంగ్లీషు మీడియంలో చేరి ఉంటే ఆయనకూ నాకూ ఈ మాటే జరిగేది కాదు.

రెండోసారి నన్ను గట్టెక్కించినవి ఆదివారం క్లాసులు. పట్టణంలోనే ఒక కాలేజీలో, ఉదయం పది నుంచి. మొదటి ఆదివారం నలభై మంది దాకా వచ్చారు, మూడో వారానికి ఏడుగురం, సెమిస్టరు సగానికి నలుగురం మిగిలాం: నేను, ఒక హోంగార్డు, బట్టల షాపు సేల్స్‌మన్, పెట్రోలు బంకులో పనిచేసే ఇరవై ఏళ్ల పిల్లాడు. పాఠం చెప్పే సారు వారమంతా ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో చెప్పి, ఆదివారం ఇక్కడికి వచ్చేవాడు. హాజరుకు మార్కుల్లేవు, అయినా పేర్లు పిలిచేవాడు. పేర్లు పిలిచాక పోయిన వారం పాఠంలోంచి ఒక్కొక్కరిని ఒక్కో ప్రశ్న అడిగేవాడు. 32 ఏళ్ల వయసులో, ఇద్దరు పిల్లల తండ్రిని, ఆ బంకు పిల్లాడి ముందు నిలబడి "రాదు సార్" అనడం ఎట్లుంటుందో అనుభవిస్తే తెలుస్తుంది. ఒక్కసారి అన్నాను. ఆ తర్వాత బుధవారం నుంచే గుర్తొచ్చేది, ఆదివారం అడుగుతాడని. సిగ్గుతో చదవడం గొప్ప విషయం కాదంటారేమో, నాకైతే గొప్ప అక్కర్లేదు, చదువు సాగితే చాలు.

ఒక రోజు మాత్రం బాగా చెప్పాలి. వ్యయగణన శాస్త్రంలో ప్రాసెస్ కాస్టింగ్ పాఠం, అంటే దశలవారీగా తయారయ్యే సరుకుకు ఒక్కో దశలో పడే ఖర్చు లెక్క. సారు పుస్తకంలో ఉన్నట్టే బోర్డు మీద రాశాడు: ఒక రసాయన కర్మాగారంలో మొదటి ప్రక్రియలో 1,000 యూనిట్లు ప్రవేశపెట్టగా, సాధారణ నష్టం ఇంత శాతం, బయటికొచ్చినవి ఇన్ని. "ఏం రసాయనం సార్?" అని హోంగార్డు అడిగాడు. సారు నవ్వి, పుస్తకంలో చెప్పలేదయ్యా అన్నాడు. నాకు అప్పటికే ఒళ్లు దురద పెడుతోంది. మా దగ్గర క్వింటాలు వడ్లు పోస్తే పచ్చి బియ్యం 67 కిలోలు ప్రభుత్వానికి లెక్క అప్పజెప్పాలి సార్, మిగిలింది తవుడు, నూక, ఊక, దుమ్ము అన్నాను. రబ్బరు రోలర్లు అరిగినా, ఆపరేటరు నిద్రపోయినా 64 వస్తుంది, ఆ మూడు కిలోలు మిల్లు మీద పడతాయి. సారు సుద్దముక్క నా చేతికిచ్చాడు.

అరగంట అనుకున్న పాఠం రెండు గంటలు నడిచింది. దుమ్ము, తేమ తరుగు సాధారణ నష్టం. ఆ మూడు కిలోలు అసాధారణ నష్టం. తవుడు నూనె ఫ్యాక్టరీకి అమ్ముతాం కాబట్టి ఉప ఉత్పత్తి. మరి ఊక? బాయిల్డ్ రైస్ మిల్లయితే దాన్ని తన బాయిలర్లోనే కాల్చుకుంటాడు, అమ్మడు, కొనడు, అప్పుడు దాని విలువ ఎక్కడ రాయాలి? దీని మీద నేనూ సారూ వాదించుకున్నాం, సేల్స్‌మన్ మధ్యలో దూరి బట్టల షాపులో గుడ్డ చుట్ట చివర మిగిలే కట్‌పీసుల లెక్క తెచ్చాడు, బంకు పిల్లాడు ఎండకు పెట్రోలు ఆవిరయ్యేది సాధారణ నష్టమా సార్ అన్నాడు. పుస్తకం రాసినవాళ్లకు తెలియని ఉదాహరణలు నాలుగు ఆ గదిలో ఉన్నాయి. పగలు కాలేజీలో చదివే పద్దెనిమిదేళ్ల పిల్లలకు ఇవి ఉండవు, ఇంట్లో ఒంటరిగా అదే పుస్తకం తెరిస్తే నాకూ తట్టేవి కావు.

మర్నాడు మిల్లులో పాత లెక్కలు తీశాను. తవుడు అమ్మిన డబ్బు ఇతర ఆదాయం కింద రాస్తున్నాం, అందువల్ల క్వింటాలు ఆడించడానికి మాకు పడే ఖర్చు ఉన్నదానికంటే ఎక్కువ కనపడుతోంది. విడదీసి రాసి సేటుకు చూపించాను. "ఇది నీకు ఆ ఆదివారం క్లాసుల జెప్పిండ్రా?" అన్నాడు. ఆ తర్వాత పరీక్షలకు సెలవు అడిగితే పెండ్లా అనలేదు.

దూరవిద్య మొదలుపెట్టినవాళ్లను తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. దేశంలో మొట్టమొదటి ఓపెన్ యూనివర్సిటీ 1982లో హైదరాబాద్‌లోనే పుట్టింది, 1991లో దానికి అంబేద్కర్ పేరు పెట్టారు. దాని తొలి వైస్ చాన్సలర్ జి. రాంరెడ్డి గారు 1985లో ఇగ్నోకు కూడా తొలి వైస్ చాన్సలర్ అయ్యారు. అంటే తలుపు తీసే పని మనవాళ్లే ముందు చేశారు. ఇంటర్ లేనివాళ్లకు అర్హత పరీక్ష పెట్టి డిగ్రీలో చేర్చుకున్నారు, ఆకాశవాణిలో పాఠాలు చెప్పించారు, జైళ్లలో స్టడీ సెంటర్లు పెట్టారు. (జైలు సెంటర్ల గురించి మా హోంగార్డు అనేవాడు, వాళ్లకు మనకంటే నయం అన్నా, గంట కొడతారు కాబట్టి చదువుతారు అని. నవ్వుకున్నాం గానీ అందులో విషయం ఉంది.) ఇంకో సంగతి మా సారు చెప్పాడు: వీటన్నిటికీ నమూనా అయిన బ్రిటన్ ఓపెన్ యూనివర్సిటీ 1971లో పాఠాలు మొదలుపెట్టినప్పుడు, ఫౌండేషన్ కోర్సులో చేరినవాళ్లు ఎండాకాలంలో ఒక వారం ఇల్లు వదిలి వచ్చి క్లాసుల్లో కూర్చోవడం తప్పనిసరి. ఉద్యోగస్తులైనా సరే. మనం అక్కణ్నుంచి తలుపు తెరవడం నేర్చుకున్నాం, లోపలికి వచ్చినవాణ్ని కూర్చోబెట్టడం దగ్గర మెత్తబడ్డాం.

ఇదంతా ఒకసారి మాతో ఇంగ్లీషు పేపరుకు వచ్చే అంగన్‌వాడీ టీచరక్కతో అన్నాను. బీఏ ఆమెది. క్లాసుకు నెలకొకసారి వస్తే గొప్ప. హాజరు తప్పనిసరి చేయాలక్కా, అప్పుడే బాగుపడతాం అన్నాను. ఆమె నన్ను కడిగేసింది.

"ఆదివారం నీకు సెలవు తమ్మీ, నాకు కాదు. ఆ దినమే బట్టలు, ఆ దినమే ఇల్లు, ఆ దినమే మా అత్తను దవాఖానకు తీస్కపోవుడు. నువ్వు క్లాసుకొచ్చిననాడు మీ ఇంట్ల వంట ఎవలు జేసిన్రు?"

మా ఆవిడ చేసింది. పిల్లల్ని కూడా ఆమే చూసుకుంది. ఈ మూడేళ్ల ఆదివారాలూ నా కట్టుబాటు బరువు ఇంకొకరి మీద పడిందని ఆ రోజుదాకా నేను లెక్కలో రాయలేదు, ఊక లెక్క మాత్రం అరగంట వాదించాను. 2023 డిసెంబరులో తెలంగాణలో ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సు ఉచితమైంది, అక్కకు తన ఊరి నుంచి వచ్చే చార్జీలు మిగిలాయి గానీ ఆదివారం మాత్రం మిగల్లేదు.

అయినా నా మాట పూర్తిగా వెనక్కి తీసుకోను. వెసులుబాటు ఆమెకు పుష్కలంగానే ఉంది, దానితోనే ఇంగ్లీషు రెండుసార్లు పోయింది. ఆదివారం కుదరని మనిషికి ఏ రోజు కుదురుతుందో అడిగి ఆ రోజే గట్టిగా పట్టుకోవాలి, అందరినీ ఒకే రోజుకు కట్టేయడం తప్పు, ఏ రోజూ లేకుండా వదిలేయడం అంతకంటే తప్పు. చేరేటప్పుడే వారానికి ఒక గంట రాయించుకోండి, ఆదివారం పదికో, శుక్రవారం రాత్రికో, ఫోన్లోనో, ఆ గంటకు అవతల ఒక మనిషి ఉండాలి. వీడియో కాదు, మనిషి. వీడియోను ఆపి టీ తాగి రావచ్చు, నేను చాలాసార్లు తాగాను.

డిగ్రీ విలువ సంగతి ఒక ముక్క. గుర్తింపు ఉన్న దూరవిద్య డిగ్రీ, రెగ్యులర్ డిగ్రీ రెండూ సమానమేనని యూనివర్సిటీలను చూసుకునే కేంద్ర సంస్థ యూజీసీ 2022 సెప్టెంబరులో మళ్లీ తేల్చి చెప్పింది. చట్టం మాట అది. నేను వేరే ఉద్యోగానికి ఇంటర్వ్యూకి పోతే అడిగిన మొదటి ప్రశ్న "రెగ్యులరేనా?" కోపం వచ్చింది, కానీ ఆ అనుమానంలో మా వాటా కూడా ఉంది. స్టడీ సెంటర్ల చుట్టుపక్కల జిరాక్స్ షాపులకు పోయి చూడండి, ఇంపార్టెంట్ ప్రశ్నల కాగితాలు, రాసిపెట్టిన అసైన్‌మెంట్లు పేపరుకింత అని దొరుకుతాయి. మొదటి సెమిస్టరులో నేనూ రెండు కొన్నాను. ఒకదాని మీద ముందు కొన్నవాడి పేరు సరిగ్గా చెరపలేదు, అట్లాగే ఇచ్చాను, మార్కులు కూడా పడ్డాయి. ఎవరూ చదవని కాగితాన్ని ఎవరో రాస్తే ఇంకెవరో కొని ఇచ్చారు. అడిగే మనిషి లేని చోట జరిగేది ఇదే.

ఇక వెసులుబాటు గురించి ఇంత చెప్పే సంస్థలు తమ దగ్గరికి వచ్చేసరికి చూపించే వెసులుబాటు ఒకటుంది, పరీక్షల వాయిదా. మా నాలుగో సెమిస్టరు పరీక్షలు రెండుసార్లు వాయిదా పడ్డాయి, ఒకసారి ముందు రోజు సాయంత్రం మెసేజి వచ్చింది. కాలేజీ పిల్లలకు అది పండగ. నాకు, సీజన్ మధ్యలో సేటును బతిమాలి, పెద్దాయన్ను ఎండలో కాంటా దగ్గర కూర్చోబెట్టి సంపాదించిన సెలవు పోయినట్టే, మళ్లీ అడగాలి, మళ్లీ సేటు మొహం చూడాలి. చేరే రోజునే మూడేళ్ల పరీక్ష తేదీలు ఇచ్చి కదలకుండా ఉంచితే, ఫీజు ఇంకో వెయ్యి ఎక్కువైనా సంతోషంగా కడతాను. కట్టుబాటు మాకే కాదు కదా.

అక్కకు ఇంకా ఆ ఇంగ్లీషు పేపరొకటే మిగిలింది. శనివారం రాత్రి తొమ్మిదిన్నరకు వాళ్లత్త పడుకున్నాక ఫోన్ చేస్తుంది, చేయకపోతే నేను చేస్తాను, ఎత్తేదాకా చేస్తాను. ఇంటర్ చదివే ఆమె కూతురు కూడా పక్కనే కూర్చుని వింటుంది, తప్పు చెబితే నవ్వుతుంది, అక్కకు ఆ నవ్వే నాకంటే ఎక్కువ భయం. ఈ వారం ఆరో యూనిట్. అడగడానికి మూడు ప్రశ్నలు రాసి పెట్టుకున్నాను. మూడోదానికి జవాబు నాకూ రావడం లేదు, శనివారంలోపు చూసుకోవాలి.